బ్రేకుల్లేని బండి

2023ల మా ఇంట్ల జుమ్మా రాత్రి పన్నెండయినా ఎవరూ పండుకునేటోళ్లు కాదు. ఎండాకాలం నుంచి చలి మొదలయ్యేదాంక అదే రివాజు. భూపాలపల్లిల ఆ టైముకు సెకండ్ షిఫ్టోళ్లు డ్యూటీ దిగి ఇల్లు చేరుతరు, నైట్ షిఫ్టోళ్లు బాయిల ఉంటరు. రోడ్డు మీద బొగ్గు లారీలు తప్ప ఇంకేం చప్పుడుండదు. అబ్బా మంచం పక్క స్టూలు మీద ఫోన్ పెట్టి స్పీకర్ ఆన్ చేసేటోణ్ణి. అవతల గ్లాస్గోల అప్పుడు సాయంత్రం ఏడున్నర. కొంచెంసేపు జనం గోల, మైకుల ఎవరివో పేర్లు. తర్వాత నాలుగు ఇంజన్లు ఒక్కసారే గర్జించేటివి. నిమిషంల అంతా అయిపోయేది. అబ్బా కండ్లు మూసుకుని ఇనేటోడు.

అమ్మీ మాత్రం, "యా అల్లా, ఇదేం షౌఖు! తస్బీ పట్టుకునే టైముల బండ్ల మోత ఇంటున్నడు" అని గొణుక్కుంట చాయ్ పెట్టేది. గొణుగుడు ఉత్తదే. ఆమెకు కూడా ఆ ఫోన్ కోసం ఇంతేజారే.

అబ్బా గురించి చెప్పాలె. ఆయన జావా, యెజ్డీ బండ్ల ఉస్తాద్. హన్మకొండల ఒక పెద్దాయన దగ్గర షాగిర్దుగ పని నేర్చుకుని, ఇక్కడ బొగ్గు బాయిలు తెరుస్తున్నరని ఇని మూట కట్టుకుని వచ్చిండు. రేకుల షెడ్డు ఏసుకుని దుకాన్ పెట్టిండు. అప్పట్ల బాయి కార్మికుల దగ్గర యెజ్డీలు బాగుండేటివి. మైసూరుల 1961 నుంచి ఐడియల్ జావా కంపెనీ తయారు చేసిన బండ్లు. ముందు జావా పేరు మీద, 1973 నుంచి యెజ్డీ పేరు మీద. కిక్కు కొట్టే రాడ్డే కిందికి మలిపితే గేరు రాడ్డయ్యేది. పెట్రోల్ల ఆయిల్ కలపాలె, ఎక్కువైతే పొగ, తక్కువైతే పిస్టన్ పట్టేసుకునుడు. అబ్బా కొలత పాత్ర పట్టకుంటనే కలిపేటోడు. బండి సందు మలుపుల ఉండంగనే చప్పుడు ఇని, "పాయింట్ గ్యాప్ పోయింది" అనో, "సైలెన్సర్‌ల కార్బన్ పట్టింది" అనో చెప్పేటోడు.

1996ల మైసూరు కార్ఖానా మూతపడ్డది. పార్టులు దొరకుడు బందయింది. కొత్త బండ్లొచ్చినయి, కొత్త మెకానిక్‌లొచ్చిన్రు. అబ్బా మాత్రం ఆ బోర్డు మార్చలె. "జావా, యెజ్డీ స్పెషలిస్ట్" అన్న ఎర్రక్షరాలు ఎండకు వెలిసి గులాబీ రంగుకొచ్చినయి.

నాకు చేతిపని రాలె. నేను పుస్తకాలు పట్టుకుని బడిపంతులునయిన. అబ్బా ఇల్మంతా నా తమ్ముడు చోటూకే వచ్చింది. వాడు ఇంజనీరింగ్ చదువుకుంట కూడా సాయంత్రం దుకాన్ల కూసునేటోడు. అబ్బా వాణ్ణి చూసినప్పుడు ఆయన మొఖంల ఒక ఇత్మినాన్ కనబడేది. నన్ను చూసినప్పుడు అది ఎన్నడూ కనబడలె. హసద్ అనుకోండ్రి, ఇంకేమన్న అనుకోండ్రి, నేను దాన్ని గుర్తుపెట్టుకున్న.

2022ల చోటూ గ్లాస్గో యూనివర్సిటీలొకదాంట్ల ఎమ్మెస్సీ సీటు తెచ్చుకున్నడు. దుకాన్ జాగ గిరివి పెట్టి పద్నాలుగు లక్షలు కర్జా తీసినం. అబ్బా కాయితాల మీద సంతకం పెట్టిండు గానీ వాడు పోయేనాడు దర్వాజా దాంక రాలె. లోపలి అర్రలనే గోడ దిక్కు తిరిగి కూసున్నడు. చోటూ సలాం చేస్తే జవాబియ్యలె. "దుకాన్ ఒద్దన్నోడికి దుకాన్ మీద కర్జెందుకు?" అని అమ్మీతోని మాత్రం అన్నడు.

ఆర్నెల్లకు అబ్బాకు ఫాలిజ్ వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినయి. మాట ముద్దగయింది, కానీ పోలె. చోటూ వస్తనని ఏడిసిండు. టికెట్టు పైసల్లేవు, వస్తే చదువు పోతది, చదువు పోతే కర్జా మీద పడ్తది. నేనే వద్దన్న. వాడు ఫోన్ చేసినప్పుడల్లా అబ్బా చెవి దగ్గర పెట్టేటోణ్ణి. వాడు "అబ్బా... అబ్బా..." అనేటోడు. ఈయన ఖామోష్. మాట రాక కాదు. నాతోని, అమ్మీతోని మాట్లాడేటోడు. వాడితోనే బంద్.

రంజాన్ అట్లనే గడిచింది. ఈద్ నాడు కూడా అంతే.

మే నెలల ఒక జుమ్మా అర్ధరాత్రి చోటూ ఫోన్ చేసిండు. వాడు ఉండే పాసిల్‌పార్క్ బస్తీలనే ఆష్‌ఫీల్డ్ అని చిన్న స్టేడియం ఉన్నదట. పని నుంచి నడిచొస్తుంటే ఒక వాసన తగిలిందట. "భాయ్, ఆముదం కాలిన వాసన! నానీమా ఇంట్ల దీపం వాసన లెక్క!" అన్నడు. ఆ వాసన పట్టుకుని పోయి టికెట్టు కొనుక్కుని లోపలికి పోయిండట. అది స్పీడ్‌వే. బైకు రేసులు. ఆ బండ్లు పెట్రోల్ మీద కాదు, మెథనాల్ మీద నడుస్తయి. మెథనాల్‌తోని మామూలు ఆయిల్ సరిగ్గ కలవదు, ఆముదంతోని చేసింది కలుస్తది. అందుకే మొదటి నుంచి అదే వాడిన్రు. ఆ వాసనకు అలవాటు పడ్డ అభిమానులు ఇప్పటికీ దానికోసమే వస్తరట.

నేను అప్పుడు అబ్బా మంచం పక్కనే ఉన్న. స్పీకర్ ఆన్‌ల ఉన్నది.

"అయిదొందల సీసీ, ఒక్కటే సిలిండర్. ఒక్కటే గేరు. బ్రేకులుండవు భాయ్. ముందల లేదు, ఎనక లేదు."

మంచం మీదికెంచి ఒక ముద్ద గొంతు వచ్చింది.

"బ్రేకాఁ నై తో రోక్తే కైసే రే?"

ఆపుడెట్ల అని. ఎనిమిది నెలల తర్వాత అబ్బా తన చిన్న కొడుకుతోని మాట్లాడిన మొదటి మాట అది. నేను ఊపిరి బిగబట్టిన. అవతల చోటూ కూడా కొంచెంసేపు మాట్లాడలె. తర్వాత, గొంతు గట్టిగ పెట్టుకుని, దుకాన్ల జవాబు చెప్పినట్టే చెప్పిండు.

"థ్రాటిల్ మూస్తరు అబ్బా. కంప్రెషన్ ఎక్కువ. మూసంగనే ఇంజనే పట్టుకుంటది. పడిపోతే చేతికి కట్టుకున్న తాడు ఊడి ఇంజన్ బందయితది."

"హౌ" అన్నడు అబ్బా. ఆనాటికి అంతే. కానీ మరుసటి జుమ్మా రాత్రి పదకొండున్నరకు ఆయనే, "చోటూ ఫోన్ రాలేదా?" అనడిగిండు.

అట్ల మా ఇంట్ల ఆ సీజన్ మొదలయింది.

బ్రిటన్‌ల స్పీడ్‌వేకు దర్జాలున్నయి. పై దర్జా ప్రీమియర్‌షిప్. దానికింద చాంపియన్‌షిప్. గ్లాస్గో టైగర్స్ ఆడేది ఆ రెండో దర్జాల. పూల్, ఎడిన్‌బరా, బెరిక్, రెడ్‌కార్, స్కంథోర్ప్, ప్లిమత్ అసొంటి ఊర్ల జట్లు. చాలామట్టుకు ఓడరేవులు, ఉక్కు ఊర్లు, పేరుకు పెద్దగ ఎక్కని ఊర్లు. జట్టుకు ఏడుగురు. ఒక రేసుకు ఇద్దరు వీళ్లు, ఇద్దరు వాళ్లు. నాలుగు చుట్లు, నిమిషం సేపు. ఫస్టొచ్చినోడికి మూడు, సెకండుకు రెండు, థర్డుకు ఒకటి, ఆఖరోడికి సున్నా. ఒక రాత్రికి పదిహేను రేసులు. అంటే మొత్తం తొంభై పాయింట్లు. నలభై ఆరు వస్తే గెలిచినట్టు. అబ్బా ఈ లెక్క ఒక్కసారి ఇని పట్టేసిండు.

అన్నీ ఎడమ దిక్కు మలుపులే. ఎనక చక్రాన్ని బయటికి జారనిచ్చి, హ్యాండిల్ కుడికి తిప్పి పట్టుకుని ఎడమకు మలుగుతరు. ఎడమ కాలు నేల మీద ఆనించి జారుతరు. అందుకని ఆ బూటుకు ఉక్కు అడుగు తొడుక్కుంటరు. చోటూ ఆ ఉక్కు బూటు ఫోటో పంపిండు. అబ్బా దాన్ని చాలాసేపు చూసిండు. తర్వాత దుప్పటి కింద కదలని తన ఎడమ కాలును చూసుకున్నడు. ఏం అనలె.

ఫిజియోథెరపీ అతను అబ్బాను ఎడమ చేతి వేళ్లు మడవమని రోజూ చెప్పేటోడు. అబ్బా చిరాకు పడేటోడు. ఒక రాత్రి రేసు అయిపోయినంక, "ఎంత?" అనడిగితే చోటూ, "మనోడు థర్డ్, ఒకటి" అన్నడు. అబ్బా ఎడమ చేతి చిటికెన వేలు కొంచెం కదిలింది. నేను చూసిన. అమ్మీ చూసింది. ఎవరం ఏం అనలె, అంటే నజర్ తగుల్తదన్నట్టు. ఆ తర్వాత నుంచి గ్లాస్గో పాయింట్లు ఆ చేతి మీదనే లెక్క పెట్టేటోడు. జూలై వచ్చేసరికి ఒకటి కుదిరింది. సెప్టెంబర్ల రెండు కుదిరింది. మూడు మాత్రం కుడిచేత్తోనే.

గ్లాస్గోకు క్రిస్ హారిస్ అనే రైడర్ ఉండె. 2007ల కార్డిఫ్‌ల జరిగిన బ్రిటిష్ గ్రాండ్ ప్రీ గెలిచినాయన. ప్రపంచం మొత్తం మీది మొనగాండ్లు కొట్లాడే పోటీ అది. ఇప్పుడు నలభై ఏండ్లు దాటి రెండో దర్జాల పందొమ్మిది, ఇరవయ్యేండ్ల పోరగాండ్లతోని పోటీ పడుతున్నడు. "పేరున్న ఆయనకు ఇదేం ఖర్మ?" అన్న నేను. అబ్బాకు గుస్సా వచ్చింది. "ఖర్మ కాదు రే. పని. చెయ్యి నడిచినంత సేపు పని" అన్నడు.

ఇంకో సంగతి చోటూ చెప్పిండు. అక్కడ రైడర్‌కు పాయింట్ల లెక్కనే పైసలు. ఇంజన్లు, టైర్లు, వ్యాన్ ఖర్చు అన్నీ తన జేబుల నుంచే. మలుపుల జారి పడితే సున్నా పాయింట్లు, దెబ్బలు సొంతం. ఈ దర్జాల చాలామందికి వారంల వేరే పనులుంటయట. అబ్బా తలూపిండు. ఆయనది కూడా అదే హిసాబ్. బండి స్టార్ట్ అయితే పైసలు, కాకపోతే పొద్దంతా మెహనత్ చేసి ఉత్త చేతులు.

ఆగస్టు ముందు జరిగింది చెప్పాలె. జూలై 27. ఆ వాన ఈ జిల్లాల ఎవరూ మరవరు. పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 64 సెంటీమీటర్ల పైన కురిసింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. జనం దాబాల మీదికెక్కి నిలబడ్డరు. పడవలు, హెలికాప్టర్లు వస్తే బయటపడ్డరు. కొందరు వరదల కొట్టుకపోయిన్రు. మా ఇంట్లకు మోకాలెత్తు నీళ్లొచ్చినయి. అబ్బాను మంచంతోని సహా ఎత్తి ఇటుకల మీద పెట్టినం. కరెంటు లేదు, ఫోన్ లేదు. అక్కడ చోటూ మోరంచపల్లి వీడియోలు చూసుకుంట రెండు రాత్రులు పిచ్చోడైండు.

సిగ్నల్ వచ్చినంక నేను ఫోన్ కలిపిన. వాడు ఏడుస్తున్నడు. అబ్బా ఫోన్ ఇటిమ్మని కుడిచేత్తో గుంజుకున్నడు. "జిందా హూఁ రే, కాయ్కు రోతా?" అన్నడు. తర్వాత, "జుమ్మా మ్యాచ్ ఏమైంది?" అని. చోటూ ఎక్కిళ్ల మధ్యల, "నేను ఆ దిక్కుకే పోలె అబ్బా" అన్నడు. "ఇక్కడ వాన పడ్తే మ్యాచ్ ఆపేస్తరు. ఇంకో రోజు పెట్టుకుంటరు."

"అచ్ఛా హై" అన్నడు అబ్బా. "ఆపుడు తెలిసినోళ్లు."

ఆగస్టుల చోటూ మైదానంల ఖిద్మత్ పనికి చేరిండు. జీతం లేదు. రేసుకూ రేసుకూ మధ్యల బండ్లు చిమ్మిన ఎర్ర మట్టిని మళ్లీ మలుపుల్లకు ఎగదోసుడు. అక్కడ చాలా పని ఇట్ల షౌఖున్నోళ్లే చేస్తరట. వాడు క్లైడ్ నది ఒడ్డున సెంట్రల్ మసీదుల జుమ్మా చదివి, సాయంత్రం పార పట్టుకుంటున్నడు. అబ్బాకు చెప్పాల్నా వద్దా అని నేను తటపటాయించిన. కర్జా చేసి ఎమ్మెస్సీకి పంపిస్తే మట్టి ఎత్తుతున్నడా అంటడని. చోటూయే చెప్పేసిండు.

అబ్బా నవ్విండు. ఫాలిజ్ తర్వాత నోరు ఒకదిక్కే లేస్తది, ఆ సగం నవ్వే. "షాగిర్ద్‌లు ముందు ఊడ్సుడే నేర్చుకోవాలె. నేను రెండేండ్లు ఊడ్సిన" అన్నడు.

ఒకసారి పిట్స్ దగ్గర ఒక ముసలి మెకానిక్‌తోని చోటూకు దోస్తీ అయింది. ఆయన తన పాత ఇంజన్ చూపిస్తే దాని మీద జావా అని ఉన్నదట! చెకోస్లొవేకియా కంపెనీ. 1964ల ఈసో అనే రేసు బండ్ల కంపెనీ జావాల కలిసిపోయినంక ఆ స్పీడ్‌వే ఇంజన్లు జావా పేరు మీదనే దునియా అంత తిరిగినయి. ఇప్పుడు ఎక్కువ ఇటలీ జీఎం ఇంజన్లే గానీ, ఒకప్పుడు ఈ మైదానాలు వాటివే. చోటూ ఆ ఫోటో పంపిండు. అబ్బా దాన్ని తన దోస్తులందరికి చూపించమన్నడు. "దేఖో, నేను స్పెషలిస్ట్ అని ఉత్తగ రాసుకున్ననా?"

ఆ సీజన్ ఫైనల్ గ్లాస్గోకు, పూల్‌కు పడ్డది. పూల్ అంతకు ముందు రెండేండ్లు వరసగ గెలిచిన జట్టు. ఒక పోటీ ఇక్కడ, ఒక పోటీ అక్కడ, రెండూ కలిపి లెక్క. ఫలితం తేలిన రాత్రి చోటూ ఫోన్ చేసిండు. గొంతు బొంగురుపోయింది. గ్లాస్గో గెలిచింది. 2011 తర్వాత మళ్లీ ఇప్పుడే. అమ్మీ చక్కెర పలుకులు తెచ్చి అబ్బా నోట్ల పెట్టింది.

"వచ్చే ఏడు కూడా మనదే" అన్న నేను.

"కాదు భాయ్" అన్నడు చోటూ. "జట్టు విడిపోతది." అక్కడి ఖానూన్ చెప్పిండు. ప్రతి రైడర్‌కు ఏడాది పాయింట్లను బట్టి సగటు కడతరు. ఏడుగురి సగటులు కలిపితే ఒక హద్దు దాటొద్దు. అన్ని జట్లు ఒక్కతీరుగ ఉండాలని పెట్టిన హద్దు. బాగా ఆడి గెలిస్తే అందరి సగటు పెరుగుతది. హద్దు దాటుతది. అప్పుడు కొందరిని వదులుకోవాల్సిందే. వర్కింగ్‌టన్ అని ఇంకో జట్టుండె. మనలెక్కనే ఒకప్పటి బొగ్గు, ఉక్కు ఊరు. 2018ల ఇదే దర్జాల మూడు కప్పులు గెలిచింది. 2019ల ఆ జట్టే బరిల లేదు.

"గెలిస్తే కూడా విడిపోవుడేనా?" అన్నడు అబ్బా. ఆ మాట తర్వాత అర్రల మస్తు ఖామోషీ. చోటూ ఖుదా హాఫిజ్ చెప్పి పెట్టేసిండు. అమ్మీ పండుకున్నది. అబ్బా పైకప్పు దిక్కు చూసుకుంట ఉన్నడు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలె. ఫజర్‌కు ముందు పోయి ఆయన మంచం దగ్గర కింద కూసున్న. ఏడాది నుంచి గొంతుల ఇరుకున్న మాట చెప్పిన.

చోటూ పోతనని అనలె. నేనే పంపిన. వాడు దుకాన్ల ఉంటనన్నడు. యెజ్డీలను మళ్లీ షౌఖుతోని కొంటున్నరు, పాత బండ్లను తయారుచేసి అమ్ముదమని వాడికి ఖయాల్ ఉండె. నేనే రాత్రులు కూసోబెట్టి, తుప్పు పట్టిన రేకుల కింద ఏం ముస్తక్బిల్ ఉన్నదిరా అని, దరఖాస్తులు నింపించి, సంతకాలు పెట్టించిన. మంచికే అనుకున్న. అందుల మంచి ఎంత, ఆ షెడ్డుల వాళ్లిద్దరి నడుమ నాకు జాగ లేదన్న గుస్సా ఎంత, అల్లాకే తెలుసు. అబ్బా వాడి మీద అలిగినప్పుడు, ఫోన్ల జవాబియ్యనప్పుడు, నేను నోరు మూసుకున్న. వాడు కూడా నా పేరు చెప్పలె.

ఇదంతా చెప్పి తలొంచుకున్న. అబ్బా కుడిచెయ్యి నా నెత్తి మీద పడ్డది.

"మాలూమ్ మేరెకు" అన్నడు.

తెలుసట. మొదటి నుంచీ తెలుసట. "నువ్వు చెప్పినవని కాదు గుస్సా. వాడు ఒక్కసారన్న నాతోని పోను అని అనలె. అంటే ఆపేటోణ్ణి." కొంచెం ఆగి, "నేను కూడా ఉండుమని అనలె" అన్నడు. బయట అజాన్ మొదలయింది. నేను ఆయనకు వజూ చేయించిన.

2024 మొదట్ల దుకాన్ జాగ అమ్మి కర్జా కట్టేసినం. చోటూ సంపాదనతోని నెమ్మదిగ తీరుద్దామన్నడు, అబ్బానే ఒద్దన్నడు. "వాడు గిరివి మీద ఎందుకుండాలె?" అని. బోర్డు తీసేటప్పుడు నేను ఆయనను ఆటోల తీసుకపోయిన. పానాల పెట్టె ఇంటికి తెచ్చుకున్నం. బోర్డును కొన్నాయన ఇస్తనన్నడు గానీ అబ్బా, "నక్కో. రేకు పనికొస్తది, ఉంచుకోనీ" అన్నడు.

మార్చి ఆఖర్ల ఒక జుమ్మా రాత్రి ఫోన్ మోగింది. రంజాన్ నడుస్తున్నది. తరావీ చదివొచ్చి నేను సహ్రీ దాంక మేలుకునే ఉన్న. అక్కడ కొత్త సీజన్ మొదలవుతున్నదట. అబ్బా దిండుకానుకుని లేచి కూసున్నడు.

"కౌన్ కౌన్ గయే, కౌన్ కౌన్ రహే?" అనడిగిండు.

చోటూ జట్టు పేర్లు ఒక్కొక్కటి చదవబట్టిండు. అబ్బా ఎడమ చేతి వేళ్లు ఒక్కొక్కటే మడుస్తున్నడు.